ఒక్క మాట ఖరీదు లక్షా పధ్నాలుగు వేలు!

పెట్రోల్ బంకులో బండి ఆపగానే మీరు ముందుగా ఏం చూస్తారు? "మేడం, జీరో చూసుకోండి" అంటాడు కదా అబ్బాయి, ఆ జీరోనే చూస్తారు. నేనూ చూశాను. గళ్లన్నింట్లోనూ సున్నాలు చక్కగా ఉన్నాయి. కొలతలో మోసం లేదు. రెండు వేలకు ఎంత రావాలో అంతా వచ్చింది. కాకపోతే పోసింది పెట్రోలు. మా కారు డీజిల్‌ది.

ఇది జరిగింది కిందటేడు మాఘమాసంలో. ఆదిలాబాద్‌లో మా చెల్లె బిడ్డకు ఓణీల ఫంక్షన్. మావారికి ఆఫీసులో ఆడిట్, మర్నాడు బస్సులో వస్తానన్నారు. సరే, మనమే వెళ్దామని నేను, మా అత్తమ్మ, పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి పొద్దున్నే కరీంనగర్‌లో బయల్దేరాం. నేను ముప్పై అయిదో ఏట అంబేద్కర్ స్టేడియం చుట్టూ తిరిగి తిరిగి డ్రైవింగ్ నేర్చుకున్నదాన్ని. అంత దూరం మావారు పక్కన లేకుండా నడపడం అదే మొదటిసారి. లోపల కాస్త గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు! వెనక సీట్లో సకినాల డబ్బా, గరిజెల డబ్బా, అమ్మాయికి పెట్టే పట్టుబట్టలు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాటి ఆర్మూర్‌లో హైవే ఎక్కాం. సోన్ దగ్గర గోదావరి దాటేటప్పుడు అత్తమ్మ చిల్లర తీసి నీళ్లలోకి విసిరి దండం పెట్టుకుంది. నిర్మల్ చేరేసరికి డీజిల్ ముల్లు పావు దగ్గరికి వచ్చింది. ముందు ఘాట్ ఉంది కదా, ఎందుకొచ్చిన గొడవని బంకులోకి తిప్పాను.

పోసే కుర్రాడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. మాకంటే ముందు రెండు మోటారు సైకిళ్లు. వాటికి పోసి మా వైపు తిరిగాడు. "ఎంత మేడం?" అన్నాడు. "రెండు వేలకు కొట్టు తమ్మీ" అన్నాను. ఇక్కడే నా తెలివితేటలు బయటపడ్డాయి. ఎంతకో చెప్పాను గానీ ఏది పోయాలో చెప్పలేదు! మా వీధి చివరి బంకులో మా కారు అందరికీ తెలుసు, అక్కడ ఏనాడూ చెప్పాల్సిన పని పడలేదు. అతనూ అడగలేదు. బైకులకు పోసిన గన్నే మా ట్యాంకులో పెట్టాడు.

నాలుగు ఐదువందల నోట్లు ఇచ్చాను. బిల్లు తీసుకుని డ్యాష్‌బోర్డు మీద పడేశాను. బండి కదిలిస్తుంటే అద్దంలో ఆ కుర్రాడు కనిపించాడు. రెండడుగులు వెనకాలే వచ్చాడు. చెయ్యి సగం పైకెత్తాడు. మళ్లీ దించేశాడు. నోటు తక్కువిచ్చానా ఏంటని ఒక్క క్షణం అనుకున్నాను, లెక్క సరిగానే ఇచ్చానుగా అని ముందుకు పోయాను. ఆ చెయ్యి సగంలో ఎందుకు ఆగిందో తర్వాత తెలిసింది.

ఊరు దాటేవరకూ బండికి ఏమీ కాలేదు. పైపుల్లో మిగిలిన పాత డీజిల్ మీద నడిచిందట. ఘాట్ ఎక్కడం మొదలయ్యాక డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు. ఎంత తొక్కినా పికప్ లేదు. "కడుపుల నొప్పి లేసినట్టు జేస్తుందేందే బండి?" అంది అత్తమ్మ. ఇంకాస్త దూరం మూలిగి మూలిగి, పక్కకు తీసేలోపే ఆగిపోయింది.

మావారికి ఫోన్ చేశాను. "ఏం గాదు, సెల్ఫ్ కొట్టి చూడు" అన్నారు. కొట్టాను. "మళ్లొకసారి కొట్టు". కొట్టాను. "కొంచెంసేపాగి కొట్టు". అలా ఆరేడుసార్లు కొట్టి ఉంటాను. ప్రతిసారీ ఓ పదివేలు కాల్చుకుంటున్నామని నాకూ తెలీదు, ఆయనకూ తెలీదు. చివరికి తోచక డ్యాష్‌బోర్డు మీది బిల్లు తిరగేస్తున్న మా అబ్బాయి అడిగాడు, "మమ్మీ, ఎం.ఎస్. అంటే ఏంటి?"

బీఏ చదివాను, కథలు రాస్తాను, నెలకు నాలుగుసార్లు బంకుకు వెళ్తాను. ఎం.ఎస్. అంటే మోటార్ స్పిరిట్, అంటే పెట్రోలు అనీ, హెచ్.ఎస్.డి. అంటే హైస్పీడ్ డీజిల్ అనీ ఆ రోజు రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని తెలుసుకున్నాను.

వేలి మీద వెండి పొడి

టోయింగ్ బండి వచ్చి కారును ఆదిలాబాద్ చేర్చేసరికి సాయంత్రమైంది. మేము వేరే బండి మాట్లాడుకుని చెల్లె ఇంటికి చేరాం. మర్నాడు ఫంక్షన్ హడావుడిలోనే మరిదితో కలిసి వర్క్‌షాపుకు పోయాను. అక్కడి పెద్ద మెకానిక్‌ను అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టిన్రక్కా?"

"ఒకటి రెండుసార్లు" అన్నాను. డాక్టరు దగ్గర పథ్యం గురించి అబద్ధమాడినట్టు. ఆయన నవ్వి, విప్పి పెట్టిన ఫిల్టరులోంచి కాస్త నూనె వేలికి రాసుకుని వెలుతురులో చూపించాడు. పట్టుచీర జరీ రాలినట్టు సన్నగా మెరుస్తోంది. "గిదే అక్కా, మీ పంపు అరిగి పొడైంది. గీ పొడి ఇంజెక్టర్లల్లకు గూడ పోయింది" అన్నాడు.

పెట్రోలుకు, డీజిల్‌కు తేడా ఏమిటని అడిగితే ఆయన చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. తర్వాత ఇంటికొచ్చి చదువుకున్న నాలుగు ముక్కలూ కలిపి చెబుతాను.

పెట్రోలు ఇంజన్‌లో మంట పుట్టించడానికి స్పార్క్ ప్లగ్ ఉంటుంది, మన గ్యాస్ పొయ్యికి లైటర్ లాగా. డీజిల్ ఇంజన్‌కు లైటర్ లేదు. గాలిని గట్టిగా నొక్కుతుంది. సైకిల్ పంపు కొట్టేటప్పుడు అడుగున చెయ్యి పెడితే కాలుతుంది చూడండి, అలా నొక్కిన గాలి మండేంత వేడెక్కుతుంది. అందులోకి డీజిల్‌ను సన్నటి తుంపరగా కొడితే దానంతటదే అంటుకుంటుంది. పెట్రోలు తీరు వేరు. నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది గానీ ఉత్త వేడికి, నొక్కుడుకి డీజిల్‌లా వేళకు అంటుకోదు. ఆలస్యంగా, అడ్డదిడ్డంగా అంటుకుంటుంది. ఆ గులకరాళ్ల చప్పుడు అదే.

అయితే అసలు నష్టం మంటలో కాదు, జిడ్డులో ఉంది. ఇప్పటి డీజిల్ కార్లలో ఆ తుంపర కొట్టడానికి హైప్రెషర్ పంపు ఉంటుంది. కామన్ రైల్ అంటారు ఈ పద్ధతిని. అందులో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి పదహారు వందల నుంచి రెండు వేల రెట్ల దాకా ఉంటుంది. మన కుక్కర్ విజిల్ వేసేది బయటి గాలికి రెండింతల ఒత్తిడికే! అంత ఒత్తిడిలో ఒకదాన్నొకటి రాసుకునే లోహపు ముక్కలకు వేరే నూనె ఏదీ వేయరు. డీజిలే వాటికి కందెన. డీజిల్ వేలికి రాస్తే జిడ్డుగా ఉంటుంది. పెట్రోలు జిడ్డును కడిగేస్తుంది. చీర మీద గ్రీజు మరక పడితే మన అమ్మలు పెట్రోలు గుడ్డతో తుడిచేవారు గుర్తుందా? అదే పని పంపు లోపల చేస్తుంది. నూనె చుక్క లేకుండా ఎండు పెనం మీద దోసె వేసినట్టే. పంపు అరుగుతుంది, ఆ అరిగిన పొడి పైపుల గుండా ఇంజెక్టర్లలోకి పోతుంది. వెంట్రుకంత సన్నటి రంధ్రాలవి. అక్కడితో కథ పూర్తి.

పాత అంబాసిడర్ల కాలంలో ఇంత బాధ లేదు. అప్పటి ఒత్తిడి తక్కువ, పనిముట్లు మొరటు. చలిదేశాల్లో డీజిల్ గడ్డకట్టకుండా చలికాలంలో కాస్త పెట్రోలో, కిరసనాయిలో కలుపుకొమ్మని కొన్ని పాత కార్ల పుస్తకాల్లోనే రాసి ఉండేదట. అందుకే మన ఇళ్లల్లో పాతకాలపు డ్రైవర్లు ఇప్పటికీ "ఏం గాదు, మీద డీజిల్ కొట్టించి నడుపు" అని సలహా ఇస్తారు. ఆ మాట ఇప్పటి బండ్లకు పనికిరాదు. పైగా ఇప్పటి పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ల వరకు ఇథనాల్ కలుపుతున్నారు. దానికి జిడ్డు ఇంకా తక్కువ, తేమను పీల్చుకునే గుణం కూడా ఉంది.

ఈ జిడ్డు సంగతి వింటుంటే ఉట్నూరులో కొన్నేళ్లు ఉద్యోగం చేసిన మా మరిది ఒక మాటన్నాడు. "వదినా, డీజిల్ ఇంజన్ ఏం తాగుతదో మా ఆదిలాబాద్ ఆడోళ్లకు ఎప్పుడో ఎరుక" అని. నిజమే. 1900లో ప్యారిస్ ఎగ్జిబిషన్‌లో ఒక డీజిల్ ఇంజన్‌ను పల్లీనూనెతో నడిపి చూపించారు. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు కనిపెట్టిన ఇంజనది. అప్పటి మోటు ఇంజన్‌కు మండే జిడ్డు ఏదైనా సరిపోయేది. ఆ తర్వాత వందేళ్లకు మన జైనూరు మండలంలోని పవర్‌గూడ అనే గోండు గూడెంలో మహిళా సంఘం వాళ్లు కానుగ గింజలు ఏరి, గానుగ మిల్లు పెట్టి నూనె తీశారు. డీజిల్ బదులు ఆ నూనె వాడితే గాలిలో కలవకుండా ఆగే కార్బన్ 147 టన్నులని లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘానికి 645 డాలర్లు చెల్లించింది. జిల్లాలోనే మరో గూడెంలో కానుగ నూనెతో జనరేటర్ నడిపి దీపాలు వెలిగించుకున్నారు. (అది చదివి ఇప్పటి కార్లలో ఇంటి నూనె పోయకండి తల్లీ! కామన్ రైల్ బండ్లకు అదీ పడదు.) ఆ ఆడవాళ్లకు ఏ నూనె ఎక్కడ పనికొస్తుందో తెలిసినంత నాకు నా కారు గురించి తెలియదన్నమాట.

ట్యాంకులోంచి దించిన కలగాపులగం నూనె రెండు క్యాన్లకు పైనే వచ్చింది. అది చూసి మా అత్తమ్మకు ప్రాణం ఉసూరుమంది. "గన్ని పైసల నూనె పారబోస్తరా? అవుతల కట్టెల పొయ్యి రాజెయ్యనీకె పనికొస్తది, గ్యాస్‌నూనె లెక్కనే గదా!" అంది. మా వైపు కిరసనాయిలును గ్యాస్‌నూనె అంటారు. ఉస్తాద్ ఒక్క ఉదుటున క్యాను వెనక్కి లాగాడు. నిజానికి చాలా ఇళ్లల్లో ఇదే ఆలోచన వస్తుంది కాబట్టి చెబుతున్నాను. పెట్రోలు కలిసిన డీజిల్ కిరసనాయిలు లాంటిది కాదు, పెట్రోలు లాంటిదే. డీజిల్ ఆవిరి అంటుకోవాలంటే కాస్త వేడెక్కాలి. పెట్రోలు ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా అంటుకుంటుంది. పొయ్యి దగ్గర మూత తీస్తే చాలు. నోటితో పైపు పీల్చి ట్యాంకు ఖాళీ చేయడం కూడా మన దగ్గర మామూలే. ఒక్క గుటక ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్పత్రి పాలే. పిల్లలు కిరసనాయిలు తాగినప్పుడు వాంతి చేయించవద్దని డాక్టర్లు చెప్పేది కూడా ఇందుకే, పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతుందని.

ఇదీ చిట్టా

దాచుకోవడం ఎందుకు, బిల్లు చెప్పేస్తాను. హైప్రెషర్ పంపు 42 వేలు. ఇంజెక్టర్లు నాలుగింట్లో రెండు కొత్తవి, ఒక్కోటి 19 వేలు. మిగతా రెండూ శుభ్రం చేస్తే సరిపోయాయి. ఫిల్టరు, పైపులు, ఇతర సామాను 9,500. ట్యాంకు దించి కడగడానికి 3 వేలు. కూలి 12 వేలు. టోయింగ్ 4,500. మేము మాట్లాడుకున్న బండికి 3 వేలు. మళ్లీ పోయించిన డీజిల్ 2 వేలు. మొత్తం లక్షా పధ్నాలుగు వేలు. పెట్రోలుకిచ్చిన రెండు వేలు ఈ లెక్కలో లేవు. కారు పదకొండు రోజులు అక్కడే ఉంది.

ఇన్సూరెన్సు ఉందిగా అన్నాం. ఆ ధీమా కూడా రెండు రోజులే. మామూలు మోటారు పాలసీలో యాక్సిడెంటు, దొంగతనం, అగ్నిప్రమాదం లాంటివి ఉంటాయి గానీ మెకానికల్ బ్రేక్‌డౌన్‌ను మినహాయిస్తారు. తప్పు నూనె పోస్తే వచ్చే నష్టాన్ని ఆ గాటనే కడతారు. అదనంగా డబ్బు కట్టి తీసుకునే రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో కొన్ని కంపెనీలు ట్యాంకు ఖాళీ చేయించే సాయం ఇస్తాయి. మీ పాలసీ కాగితం ఒకసారి తీసి చదవండి. మేము చదవలేదు. అది బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉంది!

ఈ కథంతా విని మంకమ్మతోటలోని మా ఎదురింటి వదిన "అయ్యో, మాకూ గిట్లనే అయ్యింది గదా" అంది తాపీగా. వాళ్లకూ డీజిల్ కారే. వాళ్లకూ పెట్రోలే పోశారు. కాకపోతే బిల్లు చేతికివ్వగానే ఆవిడ గట్టిగా చదివింది. తాళం చెవి తిప్పనివ్వలేదు. నలుగురు కుర్రాళ్లు కారును పక్కకు నెట్టారు. మెకానిక్ వచ్చి ట్యాంకు ఖాళీ చేసి, ఫిల్టరు మార్చి, తాజా డీజిల్ పోశాడు. ఖర్చు 3,800. ఆ మధ్యాహ్నమే బండి ఇంటికొచ్చింది.

ఆమెకూ నాకూ తేడా ఒక్క తాళం చెవి. మెకానిక్కులందరూ ముందు చెప్పే మాట ఇదే. స్టార్ట్ చేయడం సంగతి అలా ఉంచండి, తాళం సగం కూడా తిప్పవద్దు. చాలా కార్లలో తాళం 'ఆన్'కు రాగానే ట్యాంకులోని చిన్న మోటారు నూనెను ముందుకు తోసేస్తుంది. తప్పు నూనె ట్యాంకులోనే ఉన్నంతవరకు అది కడుక్కుంటే పోయే తప్పు. అప్పటికే నడుపుతుంటే చప్పుడు వినగానే పక్కకు తీసి ఆపేయాలి. ఇంటినుంచి ఎవరు ఫోన్లో ఎంత ధీమాగా చెప్పినా సరే, సెల్ఫ్ కొట్టకూడదు.

పెట్రోలు కారులో డీజిల్ పోస్తే? పొగ, ప్లగ్గులు పాడు, బండి ఆగిపోతుంది. చాలావరకు కడిగి బాగుచేస్తే సరి, పంపు పోయేంత నష్టం ఉండదు. పైగా డీజిల్ గన్ను మూతి లావు, చాలా పెట్రోలు కార్ల నోట్లో సరిగా పట్టదు. పెట్రోలు గన్ను సన్నం, డీజిల్ ట్యాంకులో హాయిగా దూరిపోతుంది. నష్టం ఎక్కువైన తప్పే సులువుగా జరుగుతుందన్నమాట. కొత్త డీజిల్ బండ్లకు ఇంకో తంటా వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో కొన్నింటికి డీఈఎఫ్ అనే ద్రవం పోయాలి. యూరియా కలిపిన నీళ్లే అవి, పొగలోని విషవాయువును తగ్గించడానికి. దానికి నీలం మూతతో వేరే చిన్న ట్యాంకు ఉంటుంది. అది పొరపాటున డీజిల్ ట్యాంకులో పడితే పెట్రోలు కంటే అన్యాయం. 2019 ఏప్రిల్ నుంచి అమ్మిన కొత్త బండ్లకు అద్దం మీద నంబర్ స్టిక్కరు రంగే చెబుతుంది, డీజిల్‌కు నారింజ, పెట్రోలుకు లేత నీలం. మా కారు అంతకంటే పాతది. గన్నుల రంగులు మాత్రం నమ్మకండి, అన్నిచోట్లా ఒకేలా ఉండవు. మీద రాసింది చదవాలి.

బ్రిటన్‌లో ఎవరి బండికి వాళ్లే పోసుకుంటారు. అక్కడ ఏటా లక్షన్నర మంది దాకా ఇలా తప్పు నూనె పోసుకుంటున్నారని ఏఏ అనే వాహనదారుల సంస్థ చెబుతూ వచ్చింది. అక్కడ తిట్టుకుంటే తమనే తిట్టుకోవాలి. మన దగ్గర పోసే చెయ్యి వేరే ఉంటుంది. గొడవంతా అక్కడే.

"మీరు డీజిల్ అని చెప్పిన్రా?"

ఫంక్షన్ అయ్యాక మావారు, మరిది, నేను తిరిగి నిర్మల్ బంకుకు పోయాం. యజమాని మర్యాదస్తుడే. కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించాడు. సీసీ కెమెరాలో బొమ్మ ఉంది, మాట లేదు. కుర్రాడు పెట్రోలు గన్ను ఎత్తడం కనిపిస్తోంది. నా నోరు కదలడం కనిపిస్తోంది. యజమాని నన్ను అడిగాడు, "అమ్మా, మీరు డీజిల్ అని చెప్పిన్రా?"

మావారు నా వైపు చూశారు. కుర్రాడు తలుపు దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. మేము లోపలికి వచ్చేటప్పుడే అతను నాతో గొణిగాడు, "గన్ను తీసేటప్పుడే నాకెరుకైంది అక్కా. చెప్దామని ఎనకాలొచ్చిన. చెప్తే ట్యాంకు దించిన పైసలు నా జీతంల కోస్తరు. పోయినసారి గట్లనే కోసిన్రు. బండి ఎట్లనో పోతది తియ్ అనుకున్న." జీతం పన్నెండు వేలట. మా బిల్లు అతనికి తొమ్మిదిన్నర నెలల జీతం.

"చెప్పలేదు" అన్నాను. "రెండు వేలకు కొట్టమన్నాను, అంతే."

యజమాని నిట్టూర్చి, మా వాడిదీ తప్పుంది, అడగాల్సింది అన్నాడు. పెట్రోలు డబ్బులు రెండు వేలు, పైన పదిహేను వేలు ఇచ్చాడు. కుర్రాడి జీతంలో కోయవద్దని అడిగాను. "చూస్తనమ్మా" అన్నాడు.

తిరుగు దారిలో మావారు మెట్‌పల్లి దాకా మాట్లాడలేదు. ఆ తర్వాత అన్నారు, "చెప్పిన అనుంటే సగమన్నా వచ్చేది." వచ్చేదేమో. ఎవరి జీతంలోంచి వచ్చేదో ఆయనకూ తెలుసు. "సెల్ఫ్ కొట్టమన్నదెవరు?" అని నేనూ అన్నాను. కరీంనగర్ చేరేవరకు మళ్లీ మౌనం.

నేను కేసుకు పోలేదు. అది నా సంగతి. మీకు జరిగితే, మీరు స్పష్టంగా డీజిల్ అని చెప్పినా వాళ్లు పెట్రోలు పోసి కాదు పొమ్మంటే, ఊరుకోవాల్సిన పని లేదు. బంకులో ఫిర్యాదు పుస్తకం అడిగితే ఇవ్వాలి. బిల్లు, మీటరు ఫోటో, మెకానిక్ రాతపూర్వకంగా ఇచ్చిన కారణం, సీసాలో పట్టిన నూనె నమూనా దాచుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. కరీంనగర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. రెండేళ్లలోపు వేయాలి. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు వ్యవహారాలకు ఫీజు లేదు. 2019 నాటి కొత్త చట్టం వచ్చాక మీరు ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు, బంకు ఏ జిల్లాలో ఉన్నా సరే. కల్తీ అనుమానముంటే బంకులో ఫిల్టర్ పేపర్ అడగండి. పెట్రోలు చుక్క వేస్తే రెండు నిమిషాల్లో ఆరి మచ్చ లేకుండా పోవాలి. డీజిల్ చుక్క జిడ్డు మరక వదులుతుంది.

ఈ మధ్య బంకుల్లో గన్ను పట్టుకుంటున్న అమ్మాయిలు కూడా కనిపిస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో నారాయణపేటలో ఏకంగా మహిళా సంఘాల ఆధ్వర్యంలోనే బంకు మొదలైంది. వాళ్ల జీతాల సంగతి ఏమిటో, పొరపాటు జరిగితే ఎవరు భరిస్తారో కనుక్కోవాలని నాకు మనసులో ఉంది. జీతంలో కోత పడుతుందంటే ఆ చెయ్యి మళ్లీ సగంలోనే ఆగుతుంది కదా.

దసరాకు మళ్లీ ఆదిలాబాద్ పోయాం. నిర్మల్‌లో అదే బంకులో కావాలనే ఆపాను. ఆ కుర్రాడు లేడు. వేరే అతను ఉన్నాడు. అడిగితే, "ఆడు పని మానేసి నాలుగు నెలలాయె మేడం" అన్నాడు. వాడే మానేశాడా, వీళ్లే మాన్పించారా అని అడగబోయేలోపు వెనక లారీవాడు హారన్ కొట్టాడు.

"డీజిల్" అన్నాను. వినపడిందో లేదోనని మళ్లీ అన్నాను. కారు దిగి గన్ను మీద రాసింది చదివాను.

"జీరో చూసుకోండి మేడం" అన్నాడు.